పై అంతస్తు చప్పుడుకు పూచీ ఎవరిది?

ఇంగ్లండులో లాభాపేక్ష లేకుండా తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే ఒక హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాటులో అద్దెకు ఉంటున్న పరిచయస్తుడొకరు ఈమధ్య తనకు వచ్చిన ఉత్తరం చూపించి, దీనికి ఏమని జవాబు రాయాలని అడిగారు. పై అంతస్తు నుంచి వచ్చే చప్పుళ్ళ మీద నెలల తరబడి ఆయన చేస్తూ వచ్చిన ఫిర్యాదుకు అది ముగింపు ఉత్తరం. మీరు చెప్పినవన్నీ ఇంటి వాడకంలో మామూలుగా వచ్చే శబ్దాలే, ఇవి యాంటీ సోషల్ బిహేవియర్, అంటే సంఘవ్యతిరేక ప్రవర్తన, కిందికి రావు, అందువల్ల ఫైలు మూసివేస్తున్నాం అన్నది దాని సారాంశం. భాష మర్యాదగానే ఉంది. చట్టం ప్రకారం చూసినా పెద్దగా తప్పు పట్టడానికి లేదు. అయినప్పటికీ ఇరుగుపొరుగుల మధ్య నిజమైన శత్రుత్వాన్ని తయారు చేస్తున్నవి ఇలాంటి ఉత్తరాలేనని నేను అనుకుంటున్నాను.

నా అభ్యంతరమంతా ఆ జవాబుకు ముందున్న ప్రశ్న మీద. అద్దె ఇంట్లో పొరుగువారితో ఇబ్బందిగా ఉందని ఎవరైనా చెప్పగానే, ఇది సంఘవ్యతిరేక ప్రవర్తన అవుతుందా కాదా అని యజమాని సంస్థ మొట్టమొదట తేల్చుకుంటుంది. అవుతుందని తేలితే హెచ్చరిక ఉత్తరాలు, కోర్టు ఇంజంక్షను, చివరికి ఇల్లు ఖాళీ చేయించడం దాకా ఒక దారి తెరుచుకుంటుంది. కాదని తేలితే ఏ దారీ ఉండదు. ఫిర్యాదు చేసిన మనిషికి మాత్రం రెండు సందర్భాల్లోనూ కావలసింది ఒకటే, రాత్రిపూట ఆ చప్పుడు తగ్గడం. పై ఇంటివారి మీద ముద్ర పడితే తప్ప చప్పుడు సంగతి ఎవరూ చూడరని అర్థమైనప్పుడు, ఎంతటి నెమ్మదస్తుడైనా తన శక్తినంతా ఆ ముద్ర వేయించడం మీదే పెడతాడు.

చట్టం గీసిన గీత

1998 నాటి క్రైమ్ అండ్ డిసార్డర్ చట్టం సంఘవ్యతిరేక ప్రవర్తనను అదుపు చేయడానికి ఆస్బో అనే కోర్టు ఉత్తర్వును తెచ్చింది. 2014లో వచ్చిన మరో చట్టం వాటిని తొలగించి సివిల్ ఇంజంక్షన్లను ప్రవేశపెట్టింది. ఈ రెండో చట్టంలో ఇళ్ళకు వర్తించే నిర్వచనం చాలా విశాలమైనది: ఒకరి నివాసానికి సంబంధించి ఇబ్బందినో చికాకునో కలిగించగల ప్రవర్తన అయితే చాలు. అక్షరాలా తీసుకుంటే అర్ధరాత్రి కుర్చీ ఈడ్చడం కూడా అందులో ఇముడుతుంది. ఆచరణలో ఇమడదు, ఇమడకూడదు కూడా. ఎందుకంటే కుర్చీ జరుపుకోవడం, మంచం దిగి స్నానాల గదికి నడవడం, ఏడ్చే పిల్లను ఎత్తుకుని తిరగడం అనేవి ఇంట్లో బతకడంలో భాగాలే.

ఈ సంగతిని 1999లో, అప్పటికి దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చి చెప్పింది. లండన్‌లోని సదర్క్ కౌన్సిల్ అనే స్థానిక పాలక సంస్థకు చెందిన పాత ఫ్లాట్లలో, గోడలకూ అంతస్తులకూ శబ్దాన్ని ఆపే ఏర్పాటు ఏదీ లేనందువల్ల, అద్దెదారులకు పక్కింటి బతుకంతా వినిపించేది. తమ ఇంటిని ప్రశాంతంగా అనుభవించే హక్కు దెబ్బతింటోందని వారు దావా వేశారు. న్యాయమూర్తులు సానుభూతి చూపించారు గానీ దావా కొట్టివేశారు. పొరుగువారు మామూలుగా కాపురం చేసుకోవడం న్యూసెన్సు కాదనీ, ఇల్లు ఉన్న స్థితిలోనే అద్దెకు తీసుకున్నారు గనుక దాన్ని మెరుగుపరచవలసిన బాధ్యత ఆ హక్కు కింద కౌన్సిల్‌కు రాదనీ తీర్పు చెప్పారు. శబ్ద నిరోధానికి కొత్త ప్రమాణాలు 2003లో వచ్చాయి. వాటి ప్రకారం కొత్తగా కట్టే ఫ్లాట్ల మధ్య గోడలూ అంతస్తులూ గాలిలో వచ్చే శబ్దాన్ని కనీసం 45 డెసిబెల్స్ మేరకు ఆపాలి, పాత భవనాన్ని ఫ్లాట్లుగా మార్చినప్పుడైతే 43. అంతకు ముందే ఫ్లాట్లుగా ఉన్నవాటికి ఈ ప్రమాణాలు తమంతట తాముగా వర్తించవు. ఈ దేశంలో అద్దెకు దొరికేవాటిలో పాత ఇళ్ళు ఎన్నో అందరికీ తెలిసినదే.

కాబట్టి ఎవరి తప్పూ లేకుండా ఒక మనిషి నిద్ర పోగొట్టుకోవడం చట్టరీత్యా పూర్తిగా సాధ్యమే. ఆ తీర్పును నేను తప్పు పట్టను. కాపురం చేసుకోవడమే నేరమని చెప్పే చట్టం ఇంతకంటే భయంకరంగా ఉంటుంది. కానీ తప్పు ఎవరిదీ కాదన్నంత మాత్రాన పని కూడా ఎవరిదీ కాదని అర్థం చేసుకోవడం దగ్గర యజమానులు ఆ తీర్పును దాటి చాలా దూరం వెళ్ళిపోయారు.

డైరీ చేసే పని

ఫిర్యాదు చేసిన వారికి మొదట అందేవి డైరీ కాగితాలు. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, ఏమి వినిపించింది, దానివల్ల మీ మీద పడిన ప్రభావం ఏమిటి అని గడులు ఉంటాయి. రుజువు లేనిదే ఎవరి మీదా చర్య తీసుకోకూడదు గనుక ఇది న్యాయమైన కోరికే. కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య అధికారులు 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద నోటీసు ఇవ్వాలన్నా, కోర్టుకు వెళ్ళాలన్నా ఇలాంటి నమోదులు ఉండాలి. అంతేకాక నిజంగా వేధింపుకు గురవుతున్నవారిని ఈ డైరీలు కాపాడిన సందర్భాలు ఉన్నాయి.

మా పరిచయస్తుడు ఆ కాగితాల నకళ్ళు దాచుకున్నారు. వాటిని వరుసగా చదివాను. మొదటి పేజీలో చేతిరాత విడివిడిగా, స్థిమితంగా ఉంది: కుర్చీ జరిపారు, ఐదు నిమిషాలు, వాషింగ్ మెషిన్, తెల్లవారుజామున. ప్రభావం గడిలో మెలకువ వచ్చింది అని మాత్రమే ఉంది. కొన్ని పేజీలు తిప్పేసరికి గడులు చాలక రాత అంచుల్లోకి పాకింది. నేను పడుకోగానే కుర్చీ ఈడ్చారు. నేను దగ్గితే కాలు నేలకేసి కొట్టారు. చివరి పేజీలో అరగంటపాటు ఏమీ వినిపించలేదని ఒక నమోదు ఉంది, నేను వింటున్నానని వారికి తెలిసిపోయింది అని దానికి ఆయన రాసుకున్న వ్యాఖ్య. నిశ్శబ్దం కూడా నేరారోపణ పత్రంలోకి ఎక్కింది.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. చప్పుడు కోసం కాచుకుని కూర్చోమని ఒక సంస్థ కాగితం ఇచ్చి మరీ అడిగింది, ఆయన కూర్చున్నారు. కాచుకున్న చెవికి ప్రతి చప్పుడూ పెద్దదే. పైగా మామూలు శబ్దానికి విలువ లేదని, ఉద్దేశపూర్వకంగా చేస్తేనే లెక్కలోకి వస్తుందని రెండు ఉత్తరాల ద్వారా ఆ సంస్థే ఆయనకు నేర్పింది. ఇక ఆయన ఉద్దేశాలను వెతకడం మొదలుపెట్టారు. రోజూ వెతికేవారికి అవి దొరక్క మానవు.

డైరీ వద్దని నేను అనడం లేదు. అది ఎన్నాళ్ళు రాయాలో ముందే చెప్పాలి, ఆ గడువు తీరిన రోజున ఎవరో ఒకరు ఇంటికి వచ్చి చూడాలి. రెండు మూడు వారాల్లో తెలియని సంగతి ఆరు నెలల డైరీలో కొత్తగా తెలిసేది అరుదు.

పై ఇంట్లో కనిపించింది

ఆ ఉత్తరానికి జవాబు రాసే ముందు పై ఇంటివారిని నేరుగా కలుద్దామని నేను అన్నాను. ఆయన ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరమూ వెళ్ళి తలుపు తట్టాము. ఆసుపత్రి యూనిఫాంలోనే ఉన్న ఒకామె తలుపు తీసి, మమ్మల్ని చూడగానే చెప్పుల అరమీద నాలుగు మడతలు పెట్టి ఉంచిన ఒక కాగితాన్ని అందుకున్నారు. అది ఆమెకు వచ్చిన హెచ్చరిక ఉత్తరం. అందులో సంఘవ్యతిరేక ప్రవర్తన అన్న మాట ఉంది, కిరాయి ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే ఇల్లు పోవచ్చన్న మాట ఉంది. ఏ తేదీన, ఏ సమయంలో, ఏ చప్పుడు అన్నది మాత్రం ఎక్కడా లేదు.

“ఇందులో నేను ఏమి చేశానో రాయలేదండీ. అడుగుదామని ఫోను చేస్తే ఫిర్యాదు చేసినవారి వివరాలు చెప్పకూడదన్నారు. అప్పటినుంచి ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తున్నాను” అన్నారామె.

ఆమెకు రాత్రి డ్యూటీలు. తెల్లవారాక ఇంటికి వచ్చి యూనిఫాం ఉతికి ఆరేసి అప్పుడు పడుకుంటారు. వాషింగ్ మెషిన్ వంటగదిలో ఉట్టి చెక్క నేల మీద ఉంది. ఒక కాలు కొంచెం పొట్టిగా ఉండడం వల్ల మెషిన్ వేగం అందుకోగానే అది పక్కకు జరుగుతూ నేలను కొడుతుంది. ముందు గదిలో కార్పెట్ లేదు, లామినేట్ పలకలు ఉన్నాయి. ఆమె చేరక ముందు ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు పాత కార్పెట్ తీసేసి ఆ పలకలు పరిచింది హౌసింగ్ అసోసియేషనే. అంతకు ముందున్న అద్దెదారుల కాలంలో తనకు ఏ ఇబ్బందీ లేదని మా పరిచయస్తుడు మొదటి ఫిర్యాదులోనే రాశారు. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఇది ఇద్దరు మనుషుల మధ్య తగాదా కాదనీ, ఒక నేలకు సంబంధించిన మరమ్మతు అనీ మొదటి వారంలోనే తెలిసేది.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. సామాజిక గృహాల, అంటే కౌన్సిళ్ళూ హౌసింగ్ అసోసియేషన్లూ అద్దెకిచ్చే ఇళ్ళ, యజమానుల మీద ఫిర్యాదులు విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ 2022 అక్టోబరులో శబ్దం ఫిర్యాదుల మీద ప్రత్యేక నివేదిక వెలువరించారు. ఇంట్లో మామూలుగా వచ్చే శబ్దాలను సంఘవ్యతిరేక ప్రవర్తన విధానంలోకి తోసి, ఆ కొలతకు సరిపోలేదని కొట్టివేయడం సరికాదనీ, వాటికి మంచి ఇరుగుపొరుగు విధానం అనదగిన వేరే దారి ఒకటి ఉండాలనీ అందులో సిఫారసు చేశారు. ఖాళీ ఇంట్లో నేలను ఏమి చేస్తున్నారో, వాషింగ్ మెషిన్ కింద కంపనాన్ని తగ్గించే చాప వేశారో లేదో కూడా యజమానులు చూసుకోవాలని ఆ నివేదిక దృష్టి. చాప వేయడం ఎవరి గౌరవానికీ భంగం కాదు, దానికి ఎవరి నేరమూ రుజువు కానక్కరలేదు.

యజమానుల పక్షాన చెప్పదగినవి

ఇరుగుపొరుగుల మధ్య పెద్దమనిషి తనం చేయడం యజమాని పని కాదని వాదించేవారున్నారు. చట్టం కొంతవరకు వారి వైపే ఉంది. అద్దెదారు చేసిన న్యూసెన్సుకు, యజమాని దానికి అనుమతి ఇచ్చి ఉంటేనో అందులో తానూ నేరుగా పాల్గొని ఉంటేనో తప్ప, యజమాని బాధ్యుడు కాడని బ్రిటన్ సుప్రీంకోర్టు 2014లో మరోసారి చెప్పింది. ఒకే ఒక ఫ్లాటు అద్దెకిచ్చి దాని మీద అప్పు కట్టుకుంటున్న మనిషికి మధ్యవర్తిత్వం నేర్పించి పంపడం అయ్యే పని కాదనడంలోనూ నిజముంది. అయితే నేను అడుగుతున్నది మధ్యవర్తిత్వం కంటే ముందుది, తేలికైనది. ఫిర్యాదు ఎవరిదో చెప్పకుండానే ఏ సమయంలో ఏ చప్పుడు వస్తోందో చెప్పే ఒక ఉత్తరం, ఒకసారి ఇంటికి వచ్చి నేలనూ తలుపులనూ చూడడం, కొంచెం ఖర్చు. నేల యజమానిది. దాని మీద ఏమి పరచాలో నిర్ణయించేదీ యజమానే.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఇలాంటి మెతక దారి ఒకటి పెడితే, నిజంగా భయంలో బతుకుతున్నవారిని కూడా ముందు దానిలోకే తోస్తారన్నది. ఈ భయానికి ఆధారం ఉంది. తలుపు మీద బూతులు రాయించుకున్నవారిని, జాతి పేరుతో తిట్లు తింటున్నవారిని, మెట్ల మీద మాదకద్రవ్యాల బేరాలు చూడవలసి వస్తున్నవారిని, పొరుగువారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి అని పంపడం అన్యాయం మాత్రమే కాదు, ప్రమాదం. ఇటువంటి వాటికి మొదటి ఫోను పోలీసులకే వెళ్ళాలి. అధికారులు పట్టించుకోకపోతే కేసు సమీక్ష కోరే హక్కును 2014 చట్టమే ఇచ్చింది. సమీక్ష కోరాలంటే ముందుగా ఇన్ని ఫిర్యాదులు చేసి ఉండాలని స్థానికంగా పెట్టుకునే పరిమితి ఆరు నెలల్లో మూడింటికి మించి ఉండకూడదని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. ఈ హక్కు ఉందని తెలిసినవారు నాకు పెద్దగా తారసపడలేదు.

ఇంకొకటి ఉంది, దాని గురించి నాకు తేలికైన జవాబు లేదు. గోడ అవతలి నుంచి వచ్చే అరుపులు, వస్తువులు పగిలే చప్పుడు, ఆ తరువాత హఠాత్తుగా నిశ్శబ్దం. ఇది శబ్దం ఫిర్యాదుగా నమోదవుతుంది, దెబ్బలు తింటున్న మనిషి పేరు మీదే హెచ్చరిక ఉత్తరం వెళుతుంది, ఎందుకంటే ఒప్పందంలో పేరు ఆమెది. ఒప్పందం ప్రకారం ఇంట్లో ఉండేవారి ప్రవర్తనకూ వచ్చిపోయేవారి ప్రవర్తనకూ అద్దెదారే పూచీ. ఏమి వినిపించిందన్న గడిలో గోల అని రాయించుకుని వదిలేసే పద్ధతి ఇక్కడ చేసే హాని అంతా ఇంతా కాదు. ఏ చప్పుడని అడిగి తెలుసుకోవాలని నేను పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం, ఎందుకంటే గోల అన్న ఒక్క మాట కింద నేల సమస్యా ఉంటుంది, ప్రాణాపాయమూ ఉంటుంది.

ఫిర్యాదే ఆయుధమయ్యే సందర్భాలూ లేకపోలేదు. పిల్లలున్న ఇంటి మీద, మానసిక అనారోగ్యంతో ఉన్నవారి మీద, రంగో భాషో వేరైన కుటుంబం మీద వరుసగా ఫిర్యాదులు పెట్టి సాగనంపాలనుకునేవారు ఉంటారు. కొత్తగా వచ్చిన కుటుంబాల్లో చాలామంది ఇలాంటి ఉత్తరం రాగానే బెదిరిపోయి, కారణం కూడా అడగకుండా మరో ఇల్లు వెతుక్కుంటారు. వైకల్యం వల్ల వచ్చిన ప్రవర్తనను బట్టి ఒకరిని ఖాళీ చేయించబోతే 2010 నాటి సమానత్వ చట్టం అడ్డు నిలబడి, ఇంతకంటే తక్కువ కఠినమైన మార్గం ఏదీ లేదా అని యజమానిని అడుగుతుంది. ఆ ప్రశ్న వైకల్యం ఉన్నవారి విషయంలోనే ఎందుకు ఆగిపోవాలో నాకు బోధపడదు.

కారణం చెప్పకుండా ఖాళీ చేయించలేని రోజుల్లో

ప్రైవేటు అద్దెల్లో ఇంతకాలం ఈ చర్చకే తావు లేకపోయింది. సెక్షన్ 21 కింద కారణం చెప్పనవసరం లేకుండా రెండు నెలల నోటీసుతో ఎవరినైనా ఖాళీ చేయించే వీలుండేది. గోల చేసినవారిని పంపించడానికి అది ఎంత సులువో, గోల మీద ఫిర్యాదు చేసినవారిని పంపించడానికీ అంతే సులువు. రెండో పనిలో యజమానికి తలనొప్పి ఇంకా తక్కువ. అందుకే అద్దెకుండే చాలామంది నోరు మూసుకుని సర్దుకుపోవడమే నేర్చుకున్నారు. 2025లో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టం ఆ సెక్షన్‌ను రద్దు చేసింది, 2026 మే 1 నుంచి అది అమలు. ఇకమీదట ప్రవర్తన కారణంగా ఖాళీ చేయించాలంటే సాధారణంగా ఇబ్బంది కలిగించే ప్రవర్తనకు చట్టంలో ఉన్న గ్రౌండ్ 14 అనే కారణం కింద కోర్టుకు వెళ్ళి, ఇల్లు తీసుకోవడం సమంజసమేనని న్యాయమూర్తిని ఒప్పించాలి.

దీనివల్ల చెడ్డ అద్దెదారులు తిష్ఠ వేస్తారని యజమానుల సంఘాలు అంటున్నాయి. కొందరు వేస్తారు కూడా. భయపడి సాక్ష్యం చెప్పని పొరుగువారున్న చోట కోర్టు దారి నెమ్మదిగానే సాగుతుంది, ఆ నెలలన్నీ పక్కింట్లో బతకవలసినది ఆ పొరుగువారే. ఈ కష్టాన్ని తక్కువ చేసి చూపడం నాకు ఇష్టం లేదు. అయితే సమంజసమా అని న్యాయమూర్తి అడిగే రోజున యజమాని చేతిలో ఏముండాలి? ఏ రోజు ఏ సంగతి చెప్పారో, దానికి అవతలివారు ఏమన్నారో, నేలకో తలుపుకో తాను ఏమి చేయించాడో, ఆ తరువాత కూడా ఏది ఆగలేదో చూపించే కాగితాలు. మొదటే ముద్ర వేయకుండా పని మొదలుపెట్టిన యజమానికే అవి ఉంటాయి, వేధించేవారిని త్వరగా ఖాళీ చేయించగలిగేదీ అతడే.

ప్రైవేటు యజమానులకు కూడా ఒక ఆంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉండాలని అదే చట్టం నిర్దేశించింది. సామాజిక గృహాల వైపు ఇప్పటికే ఫిర్యాదు నిబంధనావళి ఉంది. మొదటి దశలో 10 పనిదినాల్లో, రెండో దశలో 20 పనిదినాల్లో జవాబివ్వాలని అందులో గడువులు ఉన్నాయి. ఫిర్యాదు అందిందని ఒప్పుకున్ననాటి నుంచి లెక్క. కొత్త వ్యవస్థ నియమాలు రాసేవారు ఈ గడువులను ఎత్తి రాసుకోవడం తేలిక. గడువులోపల వచ్చే జవాబు ఫైలు మూసివేస్తున్నామన్నదే అయితే ఆ పది రోజులకు అర్థం లేదు. ఇల్లు చూశారా, ఏ చప్పుడో అవతలివారికి చెప్పారా, మీ నేలకు ఏమి చేశారు అన్న మూడు ప్రశ్నలకు యజమాని రాతపూర్వకంగా జవాబిచ్చిన తరువాతే, అద్దెదారు ప్రవర్తన ఎలాంటిదన్న ప్రశ్న ఆంబుడ్స్‌మన్ ముందుకు రావాలి.